చలికాలమున కోడిపిల్లల పోషణము

అనంతపురపు మెట్టసీమలో చలి యెక్కడిదని కోస్తావారు నవ్వవచ్చును. పుష్యమాసమున నిచట పగలు ఇంచుమించు 30 డిగ్రీల యెండ కాయుట నిజమే. కాని మబ్బులేని యాకాశము క్రింద, తేమలేని గాలిలో, నేల తన వేడిమిని రాత్రి నిలుపుకొనజాలదు. తెల్లవాఱుజామున 16, 17 డిగ్రీలకు దిగును. మనకది దుప్పటితో తీరు చలి. గ్రుడ్డు వీడిన పిల్లకో, మొదటి వారము 35 డిగ్రీల వెచ్చదనము కావలయును. తరువాత వారమునకు 3 డిగ్రీల చొప్పున తగ్గినను చాలును. దాని మేన నున్నది నూగే కాని యీక కాదు.

తల్లికోడి యొడలి వేడి 41 డిగ్రీలు. అంతకు మించిన కుంపటి లేదు. అయితే దాని ఱెక్కల క్రింద పది పండ్రెండింటికే చోటు. ఆశకొలది యిరువదింటిని చేర్చినచో అంచున నున్నవి తెల్లవాఱునప్పటికి బిగిసిపోవును. వానలు తప్పి వేరుసెనగ యెండిన యేట ఉప్పుపప్పులకు కోళ్లే దిక్కైన యిండ్లలో అది చిన్న నష్టము కాదు.

గంపను వట్టి నేలపై బోర్లింపరాదు. వేరుసెనగకాయల పొట్టును రెండంగుళముల మందమున పఱచి, తడిసినదానిని నాడే తీసివేయవలెను. బూజుపట్టిన పొట్టు విషతుల్యము. గోనెపట్టాను గాలి వీచువైపు కప్పి, రెండవవైపు విడువవలెను. కొందఱు లోన నిప్పుల కుండ నుంచి అంతయు మూసివేయుదురు. ఆ బొగ్గుల విషవాయువు చలికంటె ముందే ప్రాణము తీయును.

ఉష్ణమాపకము లేదని చింతింప నక్కఱలేదు. పిల్లలు ఒకదానిపై నొకటి యెక్కి కీచుమన్నచో చలి; ఱెక్కలు విడిచి నోరు తెఱచినచో ఉక్క; చెదరి నూక లేఱుకొనుచున్నచో క్షేమము. మంచు ఆఱి, ఎండ నేలను తాకిన పిదపనే బయటికి విడువుడు. గ్రద్ద తిరుగు వేళయు నదియే కావున కంపచెట్టు దాపున విడుచుట మేలు. నాలుగైదు వారములకు నూగు పోయి యీకలు నిండును. అంతవరకు సంజచీకటికి ముందే గంప క్రిందికి చేర్పవలెను.