పళ్లు లెక్కపెట్టండి, వేగం తెలిసిపోతుంది!

మీకు తెలుసా? సైకిల్ తొక్కే ప్రతి మనిషీ కాళ్లతో భాగహారం చేస్తున్నట్టే! పెడల్ దగ్గర పళ్లచక్రానికి 48 పళ్లు, వెనకదానికి 18 ఉన్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. చిన్నదానితో పెద్దదాన్ని తిప్పితే? వేగం తగ్గి బలం పెరుగుతుంది!

మీకు తెలుసా? ఈ విద్య మొత్తం ఐదో తరగతి లెక్క! మోటారు వేగాన్ని చిన్న స్ప్రాకెట్ (అదే, పళ్లచక్రం) పళ్లతో గుణించి, పెద్దదాని పళ్లతో భాగించండి. మోటారు 1440 చుట్లు, పళ్లు 17, 51. పెద్దదాని షాఫ్టు నిమిషానికి 480 చుట్లు తిరుగుతుంది. ఇలాంటి జతలు వరసగా మూడు పెడితే 1440 కాస్తా 53! తిప్పే బలం మాత్రం రాపిడి నష్టం పోను సుమారు 25 రెట్లు. ఎద్దు నడకలో ఏనుగు బలం!

మీకు తెలుసా? కర్నూలు, కడప మెట్ట చేలల్లో బుడ్డలు విత్తేదీ ఈ లెక్కే! (కడప వైపు శెనక్కాయలంటారు, గింజ అదే.) వెనకటికి గొర్రు వెంట నడుస్తూ జడ్డిగంలోకి చేత్తో గింజలు వదిలేవాళ్లు. గింజల మధ్య ఎడమంతా ఆ చేతి నేర్పే. ఇప్పుడు ట్రాక్టరు గొర్రుకు నేలమీద దొర్లే చక్రం, దాన్నుంచి గింజల పళ్లేనికి చైన్.

లెక్క వేద్దామా? పళ్లేనికి 24 గుంటలు, గింజకూ గింజకూ 10 సెంటీమీటర్లు. అంటే పళ్లెం ఒక చుట్టు తిరిగేలోగా బండి 240 సెంటీమీటర్లు పోవాలి. నేల చక్రం చుట్టుకొలత 160. కాబట్టి చక్రం ఒకటిన్నర చుట్లు తిరిగితే పళ్లెం ఒక్కటే తిరగాలి. చక్రం వైపు 14 పళ్లు, పళ్లెం వైపు 21. అయిపోయింది!

ఆ రెండు స్ప్రాకెట్లనూ తారుమారు చేసి బిగించారనుకోండి. ఎడం 4.4 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఎకరానికి తెచ్చిన విత్తనం అరెకరానికి ముందే ఖాళీ! వాన పదును ఆరిపోయేలోగా మళ్లీ విత్తనం ఎక్కడ తెస్తారు? అందుకే బిగించే ముందు పళ్లు లెక్కపెట్టాలి, ఒకటికి రెండుసార్లు.

మీకు తెలుసా? ట్రాక్టరు నెమ్మదిగా పోయినా, కాస్త జోరుగా పోయినా ఈ లెక్క ప్రకారం ఎడం మారదు! పళ్లేన్ని తిప్పేది ఇంజను కాదు, నేల.

మీకు తెలుసా? స్ప్రాకెట్‌కు 11 పళ్లే ఉంటే చైన్ వేగం ప్రతి పంటికీ 4 శాతం ఎగుడుదిగుడు అవుతుంది. 17 ఉంటే 1.7 శాతమే. ఆరు పళ్లు పెరిగితే ఇంత నిలకడ!

మీకు తెలుసా? చైన్ సాగడమంటే ఇనుము సాగడం కాదు, పిన్నులు అరగడం! 100 లింకుల చైన్ మూడు లింకుల పొడవు సాగితే మార్చేయాల్సిందే.

మీకు తెలుసా? నేటి రోలర్ చైన్‌కు హాన్స్ రెనోల్డ్ 1880లో ఇంగ్లండ్‌లో పేటెంటు పొందాడు. గొలుసుతో నడిచే బాణాల యంత్రం గురించి గ్రీకు ఇంజనీరు ఫైలో రాసింది 2200 ఏళ్ల కిందట!

మీకు తెలుసా? అదే మోటారు శక్తిని మోస్తూ వేగం తగ్గేకొద్దీ చైన్ మీద లాగుడు పెరుగుతుంది. బరువు మోసే గొలుసు తెగితే ఏమవుతుందో మన రాయలసీమ కళ్లారా చూసింది. కర్నూలుకు దిగువ కాలువ, కడప దాకా ఎగువ కాలువ నీళ్లిచ్చే తుంగభద్ర డ్యాంకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది, గేటే కొట్టుకుపోయింది! మంత్రాలయం దాకా నది ఒడ్డున హెచ్చరికలు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం రోజుల్లో తాత్కాలిక గేటు దించారు. నీళ్లు ఆపి కాదు, పారుతున్న వరదలోనే!