తీర్పుల్లో ఆర్థికశాస్త్రం చదివిన రోనాల్డ్ కోస్

రేడియో తరంగాలను ఉచితంగా పంచిపెట్టడం మాని ప్రభుత్వం వేలం వేయాలని 1959లో ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ రాశారు. అమెరికాలో ఆ వేలం మొదలైంది 1994లో. ఆ వ్యాసంలోని ఒక వాదం తప్పని నమ్మిన షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యులు ఆయనను పిలిపించారు. వారిలో ఒకరైన ఆరన్ డైరెక్టర్ ఇంట్లో చర్చ మొదలైనప్పుడు మిల్టన్ ఫ్రీడ్‌మన్‌తో సహా ఇరవై మంది ఎదురు నిలిచారు. రెండు గంటల్లో అందరూ ఆయన పక్షానికి వచ్చేశారని అక్కడే ఉన్న జార్జ్ స్టిగ్లర్ తరువాత రాశారు.

కోస్‌కు న్యాయశాస్త్ర పట్టా లేదు. 1910లో లండన్ శివారున పుట్టి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వాణిజ్యశాస్త్రం చదివారు. బేరానికీ ఒప్పందానికీ ఖర్చవుతుందనీ, దాన్ని తప్పించుకోవడానికే సంస్థలు పుడతాయనీ 1937లో ప్రతిపాదించారు. 1951లో అమెరికా వచ్చి, బఫెలో, వర్జీనియాల్లో బోధించి, 1964లో షికాగో లా స్కూల్‌లో చేరారు.

షికాగో చర్చలోని వాదాన్నే వివరిస్తూ ఆయన రాసిన 1960 నాటి ప్రసిద్ధ వ్యాసంలో సమీకరణాల కంటే పాత తీర్పులే ఎక్కువ. 1879 నాటి ఒక లండన్ వ్యాజ్యం చూడండి. మిఠాయి తయారీదారు ఒకాయన ఏళ్ల తరబడి వంటింట్లో పెద్ద రోళ్లు వాడుతున్నాడు. పొరుగున ఉన్న వైద్యుడు తన తోట చివర, ఆ వంటింటి గోడకు ఆనించి, రోగులను చూసే గది కట్టుకున్నాడు. దంపుడు చప్పుడుకు రోగి ఛాతీ పరీక్షించడం కష్టమై కోర్టుకెక్కి గెలిచాడు. కోస్ దృష్టిలో ఈ హానికి ఇద్దరూ కారణమే: చప్పుడు ఆపితే ఒకరికి నష్టం, ఆపకపోతే మరొకరికి. బేరానికి ఖర్చే లేకపోతే, తీర్పు ఎటు వచ్చినా, ఎవరికి ఎక్కువ లాభమో వారి పనే సాగుతుంది. ఎవరు ఎవరికి డబ్బివ్వాలన్నది మాత్రం తీర్పును బట్టి ఉంటుంది.

దీన్నే స్టిగ్లర్ 'కోస్ సిద్ధాంతం' అన్నారు. చాలామంది ఇక్కడితో ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఖర్చులేని లోకం కోస్‌కు వాదంలో తొలిమెట్టు మాత్రమే. నిజజీవితంలో బేరానికి ఖర్చుంది కనుకనే చట్టం హక్కును ఎవరికిచ్చిందన్నది ముఖ్యం. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు పాడైనప్పుడు ఎన్నో ఊళ్ల రైతులు అన్ని ఫ్యాక్టరీలతో విడివిడిగా బేరమాడగలరా? ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1991లో నోబెల్ అందుకున్న కోస్, 2013లో 102 ఏళ్ల వయసులో మరణించేదాకా కోరింది ఒక్కటే: ఆర్థికవేత్తలు ముందు వాస్తవాన్ని వెతకాలి. తానూ అదే చేశారు. ఓడలకు దారిచూపే దీపస్తంభాలను ప్రభుత్వమే నడపాలని తరతరాల ఆర్థికవేత్తలు ఉదాహరణగా రాస్తూ వచ్చారు. కోస్ బ్రిటన్ పాత దస్త్రాలు తిరగేసి 1974లో చూపించారు: అక్కడ ఎన్నో దీపస్తంభాలను ప్రైవేటు వ్యక్తులే కట్టి, రేవుల్లో ఓడల నుంచి సుంకం వసూలు చేసి నడిపారు.