తాళం మార్చాలా, తలుపే పీకేయాలా?

‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ అని అడిగితే మన పిల్లల్లో చాలామంది ‘కంప్యూటర్ పని’ అనేసి ఊరుకుంటారు. అల్ఫారెట్టాలో ఆ పని చేసే తెలుగువాళ్ళకు కొదవ లేదు. వారాంతపు విందుల మధ్యలో ల్యాప్‌టాప్ తెరిచి మేం ఏం వెలగబెడతామో ఒక అప్‌గ్రేడ్ కథతో చెబుతాను.

ఎవరికి ఎంత హక్కు?

పిల్లలూ, యూనిక్స్ 1969లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాన్ని మొదలుపెట్టారు. అందులో ప్రతి ఫైలుకూ మూడు రకాల మనుషులుంటారు: యజమాని, ఆయన బృందం, మిగతా ఊరంతా. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, మొత్తం 7. అంటే 700 పెడితే యజమానికే సర్వహక్కులు. 777 పెడితే దారినపోయే దానయ్యకి కూడా!

ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీ పద్ధతిని 1971లో రాసింది ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్. ఇప్పుడు మేం వాడేది రహస్యలిపిలో పంపే ఎస్‌ఎఫ్‌టీపీ.

ఆ శనివారం రాత్రి

మా ఆఫీసు యూనిక్స్ సర్వరును కొత్త యంత్రానికి, కొత్త వెర్షనుకు మార్చాం. తీరా చూస్తే జీతాల ఫైలు వెళ్ళనంది. ‘పర్మిషన్ డినైడ్!’ సోమవారం పొద్దున్నకల్లా అది బ్యాంకుకు చేరాలి.

‘అన్నిటికీ 777 పెట్టేద్దాం, పనైపోతుంది’ అన్నాడొకాయన. పని అయ్యేదే. కానీ అందులో అందరి జీతాలూ, బ్యాంకు ఖాతా నంబర్లూ ఉన్నాయి. ఆ సర్వరులోకి రాగలిగిన ఎవరైనా చదవచ్చు, మార్చేయవచ్చు కూడా. తాళంచెవి పట్టలేదని తలుపే పీకేస్తామా?

ముందు ఏ తలుపు దగ్గర ఆగిందో వెతికాం. లాగిన్ అవుతోంది కనుక పాస్‌వర్డు సరే. పై ఫోల్డర్లలోకీ వెళ్ళనిస్తోంది. ఆగింది చివరి ఫోల్డరు దగ్గర. అక్కడ యజమాని పేరుండాల్సిన చోట ‘503’ అని కనిపించింది.

అదీ సంగతి! యూనిక్స్ యజమానిని పేరుతో కాదు, అంకెతో గుర్తుపెట్టుకుంటుంది. జీతాల ఖాతా అంకె పాత యంత్రంలో 503, కొత్తదాంట్లో 1003. పేరు అదే అయినా సొంత ఇంటికే పరాయివాడయ్యాడు. యజమానిని మార్చే ‘సీహెచ్‌ఓన్’ ఆదేశంతో ఆ ఫోల్డరునూ ఫైళ్ళనూ 1003కి అప్పగించాం. 700 అలాగే ఉంచాం. అదే ఖాతాతో ముందు చిన్న ఫైలొకటి పంపి చూసి, తర్వాత జీతాల ఫైలు పంపాం. వెళ్ళింది.

పిల్లలూ, మీ ఇంట్లో మ్యాక్ ఉంటే అందులో ఉన్నదీ యూనిక్సే. టెర్మినల్ తెరిచి ‘ఐ’, ‘డి’ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. మీ అంకె కనిపిస్తుంది. మొదట తెరిచిన ఖాతాకైతే సాధారణంగా 501. మరి చెల్లాయిదెంతో?