మీకు తెలుసా? లూయీ పుట్టింది ఫ్రెంచిలో కాదు

ఫ్రాన్స్ రాజుల వరసలో 18వ లూయీ దాకా సాగిన ఆ పేరు ఫ్రెంచిలో పుట్టలేదు, జర్మానిక్ తెగల నుంచి వచ్చింది. 5వ శతాబ్దం చివర ఫ్రాంకులను ఏలిన క్లోవిస్‌దీ ఇదే పేరు. ‘పేరుమోసిన’, ‘యుద్ధం’ అన్న రెండు మాటల కలయిక. పోర్చుగీసు పేరు రోడ్రిగో కూడా అంతే: అందులో కీర్తి ఉంది, ఏలిక ఉన్నాడు. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన జర్మానిక్ తెగ విసిగోతుల భాష లాటిన్‌లో కలిసిపోయినా, వాళ్ల పేర్ల మోజు మాత్రం పోలేదు.

ఇవన్నీ రాజుల పేర్లేగా, మామూలు జనం పెట్టుకున్నారా అంటే, పెట్టుకున్నారనడానికి ఇంటిపేర్లే గట్టి సాక్ష్యం. రోడ్రిగెస్ అంటే రోడ్రిగో కొడుకు, ఫెర్నాండెస్ అంటే ఫెర్నాండో కొడుకు. పోర్చుగల్‌లో ఇవి వీధివీధినా వినిపిస్తాయి. పోర్చుగీసు పాలనలో గోవాకూ చేరి, అక్కడి కుటుంబాల్లో నేటికీ నిలిచి ఉన్నాయి.