నీళ్లలోనే కాపురముండే మోటారు

పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, ఓ మామిడి, కాసిని కూరమడులు ఉన్న ఇంట్లో బోరు మోటారు వేయని రోజుండదు. అయినా ఆ మోటారును కళ్లతో చూసినవాళ్లు తక్కువ. గోడకున్న ప్యానెల్ డబ్బా, నేలలోంచి పైకొచ్చిన పైపు, అంతే కనిపిస్తాయి. అసలు యంత్రం వందల అడుగుల లోతున, నీళ్లలో మునిగి ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని పిల్లల్ని కసిరే మనం, కరెంటు మోటారును ఏకంగా నీళ్లలోకే దించేస్తున్నాం!

అంత సాహసం ఎందుకంటే, వేరే దారి లేక. ఒడ్డున ఉన్న పంపు నీటిని లాగుతుందనుకుంటాం గానీ, అది చేసేది పైపులో గాలి ఒత్తిడిని తగ్గించడం మాత్రమే. నీటిని పైకి నెట్టేది బయటి గాలి బరువు. ఆ బరువు ఎంత గట్టిగా నెట్టినా 10.3 మీటర్ల ఎత్తుకు మించి నీటిని నిలబెట్టలేదు. ఇలాంటి హద్దు ఒకటి ఉందని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ప్రస్తావించాడు. కారణం గాలి బరువేనని మరికొన్నేళ్లకు టోరిచెల్లీ తేల్చాడు. వాడకంలోనైతే ఏడెనిమిది మీటర్లు దాటితే పంపు చేతులెత్తేస్తుంది. మన పెద్దబావుల్లో నీళ్లు తగ్గినకొద్దీ రైతులు మోటారును కింది గట్టు మీదికి దించుకుంటూ పోయింది ఇందుకే. జానెడు వెడల్పయినా లేని బోరులో ఆ వీలు లేదు. మోటారు తానే నీటిదాకా వెళ్లాలి.

అలా వెళ్లగల మోటారును 1916లో ఆర్మయిస్ ఆరుత్యూనోవ్ రూపొందించాడు. టిఫ్లిస్‌లో పుట్టిన ఆర్మేనియన్ ఇంజనీరు. గొట్టంలో పట్టేలా మోటారును సన్నగా, పొడుగ్గా మలిచి, దాన్ని పంపుతో కలిపి ఒకే ఇరుసు మీద నిలబెట్టడం ఆయన ఆలోచన. రష్యా వదిలి బెర్లిన్‌కు, అక్కణ్ణించి 1923లో అమెరికాకు వెళ్లాడు. అక్కడ మొదట్లో నమ్మినవాళ్లు లేరు. 1928లో ఓక్లహోమాలోని బార్టెల్స్‌విల్‌ చేరాకే నిలదొక్కుకున్నాడు. ఆయన మోటారు అక్కడి చమురు బావుల్లో పనికొచ్చింది. ఆ పద్ధతే నీటి బోర్లకూ వచ్చింది.

మన బోర్లలో ఉండే చాలా మోటార్ల లోపల కూడా నీళ్లే ఉంటాయి. దించేముందు మెకానిక్ మంచినీళ్లు పోసి, గాలి బుడగలన్నీ పోయాక బిరడా బిగిస్తాడు. చుట్ట (వైండింగ్) తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి తడిసినా ఫరవాలేదు. బేరింగులకు ఆ నీళ్లే నూనె. మోటారు వేడిని బయటికి చేర్చేది కూడా నీళ్లే. బోరు ఎండినా మోటారు తిరుగుతూనే ఉంటే కాలిపోయేది అందుకే. నా దృష్టిలో ఈ యంత్రానికి పెద్ద శత్రువు తడి కాదు, ఎండిన బోరే.

ఇక మోటారు మొరాయించిందనుకోండి. వెంటనే పైపులు పీకించే తొందర వద్దు. చాలా లోపాలు పైనే, ప్యానెల్‌లోనే దొరుకుతాయి. సింగిల్ ఫేజ్ మోటారు హుమ్మని మూలిగి తిరగలేదంటే మొదట అనుమానించాల్సింది స్టార్టింగ్ కెపాసిటర్‌ని. దాని ఖరీదు మోటారును బయటికి తీయించే కూలి కన్నా బాగా తక్కువ. తిరుగుతున్నా నీళ్లు రాకపోతే ఆంపియర్ మీటరు చూడండి. ముల్లు రోజూ ఉండేచోటు కన్నా బాగా కిందుంటే చాలావరకు నీళ్లు అడుగంటినట్టు. బాగా పైనుంటే ఇసుక పట్టేసి ఉండాలి, లేదా వోల్టేజి పడిపోయి ఉండాలి. వోల్టేజి 20 శాతం పడితే మోటారు తిప్పే బలం 36 శాతం పోతుంది. సన్నటి కేబుల్‌ను లోతుకు దించినా ఇదే నష్టం. త్రీఫేజ్ మోటారు కొత్తగా దించాక నీళ్లు పలచగా వస్తుంటే అది తిరగబడి తిరుగుతున్నట్టు. ఏవైనా రెండు వైర్లు మార్చి బిగిస్తే సరిపోతుంది.

లోపలి చుట్ట కాలిందో లేదో పైనుంచే తెలుసుకోవచ్చు. ప్యానెల్ నుంచి మూడు వైర్లూ విప్పి, రెండేసి చొప్పున ఓమ్ మీటరు పెట్టాలి. సింగిల్ ఫేజ్‌లో రెండు జతలకు 3, 7 ఓములు వస్తే మూడో జతకు 10 రావాలి. ఆ కూడిక సరిపోతే చుట్ట తెగలేదన్నమాట. త్రీఫేజ్‌లోనైతే మూడు జతలకూ ఒకే అంకె రావాలి. తర్వాత ఒక్కో వైరుకూ ఎర్తుకూ మధ్య మెగ్గర్‌తో (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) కొలవాలి. అక్కడ సున్నా చూపిస్తే కేబుల్ గానీ, జాయింటు గానీ, చుట్ట గానీ పోయినట్టే. అప్పుడు పైకి తీయక తప్పదు.

వైర్లు ముట్టుకునే ఈ పనులన్నీ మెయిన్ ఆపేసి, టెస్టర్‌తో చూసుకున్నాకే చేయాలి. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో కొంత మిగిలి ఉంటుంది, చేయి పెట్టకండి. మెగ్గర్ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. మోటారు కొత్తగా దించిన రోజున మాత్రం ఆ మూడు జతల ఓముల అంకెలు, దించిన లోతు, నడిచేటప్పుడు వచ్చిన ఆంపియర్లు ఒక కాగితం మీద రాయించి ప్యానెల్ తలుపు లోపల అతికించండి. తర్వాత వచ్చే మెకానిక్ ముందు దాన్నే అడుగుతాడు.