రచనా నైపుణ్యం – తరగతి గది నుంచి కర్మాగారం వరకు

మాట వినేవాని ఎదుట పుడుతుంది. అతనికి అర్థం కాకపోతే వెంటనే అడుగుతాడు. మనం మరల చెప్పవచ్చు. రాత అటువంటిది కాదు. చదివేవానికి సందేహం కలిగినప్పుడు రాసినవాడు దగ్గర ఉండడు. అందువల్ల చెప్పదలచిన విషయమంతా ఆ కాగితం మీదనే స్పష్టంగా, సమగ్రంగా ఉండాలి. ఈ నేర్పునే రచనా నైపుణ్యం అంటాం. ఇది పుట్టుకతో వచ్చే వరం కాదు. సాధనతో క్రమంగా పెంపొందే విద్య.

విద్యార్థి రచన మొదట పరీక్షల కోసం సాగుతుంది. అక్కడ చదివేవాడు అధ్యాపకుడు. జవాబు ఆయనకు ముందే తెలుసు. విద్యార్థికి ఆ విషయం తెలుసో లేదో పరిశీలించడమే ఆయన పని. ఉద్యోగంలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ చదివేవానికి విషయం తెలియదు. తెలుసుకొని, దాని ఆధారంగా ఒక పని చేయవలసి ఉంటుంది. ఈ భేదాన్ని గ్రహించడమే రచనలో ఎదుగుదలకు తొలి మెట్టు.

విశాఖపట్నంలో గాజువాక సమీపాన ఉన్న ఆటోనగర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ నగరాన్ని పారిశ్రామిక కేంద్రంగా తీర్చిదిద్దాయి. ఆటోనగర్‌లో వాహనాల మరమ్మతు షెడ్లు, లేత్ పనులు, వెల్డింగ్ పనులు చేసే చిన్న పరిశ్రమలు అనేకం ఉన్నాయి. పైకి ఇవన్నీ చేతిపనులుగానే కనిపిస్తాయి. కాని కొటేషన్, జాబ్‌కార్డు, లాగ్‌బుక్, బిల్లు లేకుండా అక్కడ పని సాగదు. ఇవన్నీ రచనలే.

అక్కడ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థి లాగ్‌బుక్‌లో “యంత్రం సరిగా పనిచేయడం లేదు” అని రాశాడనుకుందాం. తరువాతి షిఫ్టుకు వచ్చినవానికి ఈ వాక్యం వల్ల కలిగే ప్రయోజనం స్వల్పం. ఏ యంత్రం? ఎప్పటినుంచి? లోపం ఏమిటి? అదే విద్యార్థి కొంత సాధన చేసిన తరువాత ఇలా రాయగలడు: “ఉదయం 10 గంటల 20 నిమిషాలకు 3వ లేత్ యంత్రం నుంచి పెద్ద శబ్దం వచ్చింది. వేగం తగ్గించగా శబ్దం తగ్గింది. బేరింగ్ అరిగి ఉండవచ్చు. యంత్రాన్ని ఆపి, సూపర్‌వైజర్‌కు తెలియజేశాను.” ఇందులో అలంకారాలు లేవు. అయినా ఇది మంచి రచన. కన్నది, విన్నది నిశ్చయంగా చెప్పి, ఊహించినదాన్ని ఊహగానే చెప్పడం దీనిలోని గుణం. శాస్త్ర ప్రయోగశాల రికార్డుకూ ఇదే నియమం వర్తిస్తుంది.

నమోదులో సమగ్రత లోపిస్తే ఎంతటి అనర్థం జరుగుతుందో ఈ నగరానికి అనుభవమే. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగంలో మాత్రమే కొలిచేవారని, పైభాగంలో కొలిచే ఏర్పాటు లేదని విచారణలో తేలింది. దుర్ఘటనకు ఇతర కారణాలు కూడా ఉన్నాయి. అయినా రాసేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. అంకె ఒక్కటే సత్యం కాదు. అది ఎక్కడ, ఎప్పుడు కొలిచినదో కూడా చెప్పినప్పుడే దానికి అర్థం ఉంటుంది. కొలవని చోటును గురించి ఆ అంకె ఏమీ చెప్పదని గుర్తించాలి.

విద్యార్థి ఏ భాషలో రాయాలి అనే ప్రశ్న కూడా ఉత్తరాంధ్రకు పాతదే. విద్యార్థుల వ్యాసరచన వాడుక భాషలో ఉండవచ్చునా అనే విషయంపై మద్రాసు విశ్వవిద్యాలయంలో చర్చ జరిగినప్పుడు, 1914లో గురజాడ అప్పారావు తన అసమ్మతి పత్రంలో వ్యావహారిక భాషను సమర్థించారు. గిడుగు రామమూర్తి అందుకోసం జీవితకాలం కృషి చేశారు. నేటి విద్యార్థి తనకు తెలిసిన మాటలతోనే తెలుగులో జవాబు రాయగలుగుతున్నాడంటే అది ఆ మహనీయుల కృషి ఫలితమే.

ఈ నైపుణ్యం ఉద్యోగానికే పరిమితం కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం పౌరుడు తెలుగులోనే దరఖాస్తు చేసుకోవచ్చు. కారణం చెప్పనవసరం లేదు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. అయితే “మా వీధి సమస్యల వివరాలు ఇవ్వండి” అని రాస్తే అధికారికి ఏమి ఇవ్వాలో తెలియదు. ఏ వీధి, ఏ పని, ఏ సంవత్సరం అని పేర్కొంటే సూటిగా సమాధానం పొందే అవకాశం ఉంటుంది. ఒక్క వాక్యంలోని స్పష్టత ఒక హక్కును సార్థకం చేస్తుంది.

రచనలో ఎదగగోరే విద్యార్థి కొన్ని అలవాట్లు చేసుకోవాలి. రాయడానికి ముందు చదివేవారు ఎవరో, వారికి ఏమి కావాలో ఆలోచించాలి. చూసిన విషయాలను వెంటనే టూకీగా రాసుకోవాలి. వాటిని క్రమంలో పెట్టి చిత్తుప్రతి తయారుచేయాలి. దాన్ని బిగ్గరగా చదివి, తడబడిన చోట వాక్యాన్ని సరిదిద్దాలి. చివరగా ఆ విషయం తెలియని మిత్రునికి చూపాలి. అతడు అడిగే ప్రతి ప్రశ్నా రచనలో మిగిలిన లోటును చూపుతుంది. ఆ లోటును పూరించిన కొద్దీ రచన పరిణతి చెందుతుంది.