ప్రవాసుల కూలియు, దేశగౌరవమును

విదేశములకు ఎగుమతియగు సరకుల లెక్కలు ఏటేట అచ్చుపడి వచ్చుచున్నవి. బియ్యమెంత పోయినదో, బట్టలెంత పోయినవో, ఏ ధర పలికినవో వర్తకులెల్లరు చెప్పగలరు. కాని దేశమునకు నమ్మకముగ విదేశద్రవ్యమును దెచ్చుచున్నది ఓడకెక్కిన సరకు మాత్రమే కాదు. ఊరు విడిచిపోయిన మనుష్యుని రెక్కల కష్టము. 2022వ సంవత్సరమున ప్రవాస భారతీయులు స్వదేశమునకు బంపిన సొమ్ము 11,100 కోట్ల డాలర్లు. ఒక్క యేట పదివేల కోట్ల డాలర్లకు మించి యిట్లు పొందిన దేశము అంతకుముందు ప్రపంచమున లేదు.

ఈ సొమ్ము అప్పు కాదు. దీనికి వడ్డీ లేదు. ఎగుమతులకును దిగుమతులకును నడుమ గల లోటులో పెద్దభాగమును ఇదియే పూడ్చుచున్నది. మనము చమురు కొనుటకును, యంత్రములు దెచ్చుటకును వెచ్చించు డాలర్లలో, జగిత్యాల రైతుబిడ్డ దుబాయి ఎండలో ఇటుకలు మోసి గడించినవి గలవు. కడప ఆడపడుచు కువైటు ఇండ్లలో అంట్లు తోమి గడించినవియు గలవు.

ఇది యెంతటి యాధారమో 1990లో తెలిసివచ్చినది. ఆ ఆగస్టులో ఇరాకు కువైటును ఆక్రమించెను. చమురు ధర పెరిగినది. ఆ సీమనుండి వచ్చు సొమ్ము తరిగినది. దాదాపు 1,70,000 మంది మనవారిని విమానములలో ఇంటికి దేవలసివచ్చినది. అంతకుముందే నీరసించియున్న విదేశద్రవ్యనిధి అడుగంటగా, 1991లో దేశము తన బంగారమును పరదేశపు బ్యాంకులకడ కుదువబెట్టి గండము గడచినది. నాటి విదేశాంగమంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాదునకేగి సద్దాం హుసేనును కౌగిలించుకొనుట పలువురి విమర్శకు పాత్రమయ్యెను. ఆ మాట యెట్లున్నను, లక్షకు మించిన తనవారు పరుల చేత జిక్కియుండగా ఏ రాయబారి నోరును స్వేచ్ఛగా ఆడదు. ప్రవాసము దేశములను కలుపుమాట నిజమే. నోరు కట్టివేయుటయు నంతే నిజము.

బర్మా నేర్పిన పాఠము

ఆంధ్రులకిది క్రొత్త కథ కాదు. మన తీరపు రేవులనుండి వేలకొలది జనులు రంగూనునకు బోయి ఓడల సరకు దింపిరి. వరిమిల్లులలో మూటలు మోసిరి. అచటివారు వారిని కోరంగీలనిరి. 1930 మే నెలలో రంగూను రేవున మన కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టగా, యజమానులు బర్మీయులను పనిలోనికి దీసికొనిరి. రాజీ కుదిరినతోడనే వారిని పొమ్మనిరి. బర్మీయుల రోషము యజమానులమీదికి బోక మనవారిమీదికి మరలినది. ఎందరో తెలుగు కూలీలు హతులైరి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడిన వెనుక లక్షలమంది భారతీయులు తిరుగుముఖము పట్టగా, వారిలో ననేకులు కొండలును అడవులును దాటి కాలినడకనే వచ్చిరి. 1962లో సైనికప్రభుత్వ మేర్పడి వర్తకమును జాతీయము చేసిన పిమ్మట మిగిలినవారిలోను పెక్కురు కట్టుబట్టలతో వచ్చిచేరిరి. విశాఖపట్టణమునందలి బర్మా క్యాంపు ఆ జ్ఞాపకమును నేటికిని తన పేరున మోయుచున్నది.

పరదేశమున మన కూలి చౌకయైనకొలది అచటి కూలివానికి మనము శత్రువుల మగుదుము. లాభము మాత్రము యజమానిది. ఇదియే బర్మా నేర్పిన పాఠము.

ధర తగ్గించినదెవరు?

ఈ పాఠమును మన ప్రభుత్వము మరచినదా యని సందేహింప హేతువు గలదు. కొన్ని దేశములకు బోవు పనివారికి ఇంతకు తక్కువ జీతము కూడదని మన ప్రభుత్వమే నిర్ణయించు పద్ధతి యున్నది. 2020 సెప్టెంబరులో, మహమ్మారివలన పనులు పోవునను భయమున, గల్ఫు దేశముల విషయమున ఆ జీతములను నూటికి 30 మొదలు 50 వంతులవరకు తగ్గించిరి. విషయము తెలంగాణ హైకోర్టునకెక్కినది. 2021లో పూర్వపు జీతములే మరల నిలిచినవి.

మనము ధర దిగకున్న ఆ పనులు నేపాళమునకో, బంగ్లాదేశమునకో పోవునని వాదించువారు గలరు. ఆ వాదము కేవలము త్రోసివేయదగినది కాదు. కాని ఫిలిప్పీను దీవుల నడవడి చూడుడు. ప్రవాసుల సొమ్ముమీద ఆ దేశము మనకంటె నెక్కువగ నాధారపడియున్నది. 2018 ఫిబ్రవరిలో కువైటునందు తమ దేశపు పనికత్తె శవము ఒక శీతలపేటికలో దొరకగా, ఆ ప్రభుత్వము క్రొత్తవారిని పంపుట నిలిపివేసెను. మే నెలలో కువైటు ఒడంబడికకు వచ్చినది. పనివారి పాసుపోర్టును, ఫోనును వారికడనే యుండనీయవలెనను నియమములు అందు చేరినవి. చిన్నదేశము చేసిన బేరమును పెద్దదేశము చేయలేదా?

చదువుకొన్నవారి గతియు వేరు కాదు. రిజర్వు బ్యాంకు లెక్కప్రకారము 2016-17లో వచ్చిన సొమ్ములో నూటికి 47 వంతులు గల్ఫు దేశములవి. 2023-24 నాటికవి 38కి దిగినవి. అమెరికా ఒక్కటే 28 వంతులకు చేరినది. పొలమమ్మి కుమారుని అమెరికాకు బంపిన గృహస్థులు ఇది స్థిరమైన దారియని నమ్మిరి. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించెను. ఒక్క సంతకముతో దారి ఇరుకైనది.

కర్తవ్యము

వలసను మాన్పుమని మేమనము. పొట్టకూటికి పోవువానిని ఆపు హక్కు ఎవరికిని లేదు. కాని 2022లో సంయుక్త అరబ్ ఎమిరేట్లతో వర్తకపు ఒడంబడిక చేసికొని సరకుల సుంకములను తగ్గింపించుకొన్నవారు, అదే పట్టుదలతో మనుష్యుని జీతమునుగూర్చియు, పాసుపోర్టునుగూర్చియు బేరమాడవలెను. గ్రామములలో దొంగ ఏజెంట్ల నోటిమాట నమ్మి, హెచ్చువడ్డీకి అప్పుచేసి పోవువానికి ఆ యప్పే తొలి సంకెల. అది తీరువరకు వాడు ఏ యవమానమునైనను సహించును. గ్రామపు పెద్దలును, సహకార బ్యాంకులును తలచినచో ఆ సంకెలను ఊరిలోనే త్రెంపవచ్చును. ఈ పని ఢిల్లీవారికొరకు వేచియుండనక్కరలేదు.

పంపిన డాలర్లను లెక్కించు ప్రభుత్వము, పంపినవాని కష్టమును లెక్కింపనిచో, ఆ యాదాయము దేశమునకు బలము కాజాలదు. పరదేశమున కూలివానికి దక్కు మర్యాదయే మన దేశమునకు దక్కు మర్యాద.